దిష్టికని చెప్పిన నల్ల గాజు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో నర్సమ్మగా తిరుగుతూనే తల సగం నెరిసింది. సూది వేసేటప్పుడు చెయ్యి వణకదు, రక్తం చూస్తే కళ్ళు తిరగవు. నా భయమంతా నేను పక్కన లేనప్పుడు ఏం జరుగుతుందోనని. ఇంట్లో అన్నం తింటూ, ఫలానా ఇంట్లో ఆ పిల్ల కాళ్ళవాపు దిగిందో లేదో అనుకుంటూ ముద్ద చేతిలోనే పెట్టుకుని ఉండిపోతాను. గవర్నమెంటు నీకు జీతమిచ్చేది భయపడేదానికే అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. నేను ఎదురు చెప్పను, అందులో కొంత నిజముంది కాబట్టి.

అన్నిటికన్నా నాకు ఎక్కువ భయం కడుపుతో ఉన్నవాళ్ళకు వచ్చే బీపీ. జ్వరమైతే ఒళ్ళు కాలుతుంది, ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. ఇది అట్లా కాదు. పిల్ల నవ్వుతూ తిరుగుతుంటుంది, జొన్నరొట్టెలు కాలుస్తుంటుంది, లోపల అది పెరుగుతూనే ఉంటుంది. ఒకరోజు తల పగిలిపోతోంది అంటుంది, కళ్ళు మసకలంటుంది, ఆ వెంటనే ఫిట్స్. అప్పుడిక తల్లీ బిడ్డా ఇద్దరూ మన చేతుల్లో ఉండరు. రోజూ రెండు మాత్రలు వేసుకుని, వారానికోసారి బీపీ చూపించుకుంటే చాలామంది గండం గట్టెక్కుతారు. ఆ రెండు పనులు చేయించడానికే నా బతుకు తెల్లారిపోయింది.

ఇలాంటి పిల్లల కార్డు మీద మేం ఎర్ర స్టిక్కరు అంటిస్తాం. ఎవరు చూసినా ఈమెకు ప్రమాదం ఉందని తెలియాలని. మా పల్లెలో పేరు రాయించుకున్న ఒక పిల్ల తొలికాన్పుకు పుట్టింటికి పోయింది, వెలుగోడు వైపు. అక్కడ తలనొప్పి మొదలైతే ఎండకు తిరిగిందని అమృతాంజనం రాసి పడుకోబెట్టారు. ఫిట్స్ వచ్చాక ఆసుపత్రికి తీసుకుపోతే, ముందు నుంచీ బీపీ ఉందా అని అడిగారట. తల్లికి తెలియదు, లేదంది. పిల్ల బతికింది, కడుపులో బిడ్డ బతకలేదు. ఆ స్టిక్కరున్న కార్డు మాత్రం అత్తగారింట్లో, బీరువాలో, పెళ్ళిచీరల కింద భద్రంగా ఉంది. నేనే వెళ్ళి తీసి చూశాను. మూల కూడా నలగలేదు.

ఆ తర్వాత చాలాకాలం నాకు నిద్ర సరిగా పట్టలేదు. కార్డు ఇంట్లో ఉంటుంది. మేం ఫోన్లో ఎక్కించే రికార్డు ఫోన్లోనే ఉంటుంది, దాన్ని ఆటో అతను చూడడు, పుట్టింటి తల్లి చూడదు. పిల్ల మాత్రం ఊళ్ళు తిరుగుతుంది. ఆ గుర్తేదో పిల్లతోపాటే పోవాలి కదా అనిపించేది. ఎట్లా అన్నది తట్టలేదు. నేనేం తెలివిగలదాన్ని కాదు. నాకు తట్టించింది ఒక గాజులామె.

ఆళ్ళగడ్డలో బస్టాండుకు దగ్గర్లో ఆమె అంగడి. ముస్లిం ఆడమనిషి, నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. ఎంత బిగుతు గాజైనా చేతిని ముడిచి, బొటనవేలి ఎముక ఒత్తి, ఒక్కటి పగలకుండా ఎక్కిస్తుంది. చుట్టుపక్కల పల్లెల్లో శ్రీమంతం గాజులన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఒకరోజు నేను బస్సు కోసం చూస్తుంటే లోపలికి పిలిచింది. అక్కడ మా పల్లె పిల్లే ఒకతె కూర్చుని ఉంది, అత్తతో కలిసి శ్రీమంతానికి పచ్చగాజులు వేయించుకోవడానికి వచ్చింది. గాజులామె ఆ పిల్ల చేతిని నా ముందు పెట్టి, "ఈ చెయ్యి చూడమ్మా. పోయిన నెల ఎక్కిన సైజు ఈ నెల ఎక్కల్యా. ఇది కండ కాదు, నీరు" అంది.

సంచిలో బీపీ మిషన్ ఉంది కాబట్టి అక్కడే గాజుల పెట్టెల మధ్య చూశాను. ఎక్కువుంది. మిషన్లు మోసుకు తిరిగే నాకంటే ముందు గాజులామెకు తెలిసింది. అప్పుడు ఆ పిల్ల చేతిని చూస్తూ చూస్తూ ఉంటే తోచింది. గాజులైతే కార్డు లాగా బీరువాలో పెట్టరు. పుట్టింటికి పోయినా తీయరు. నిద్రలోనూ తీయరు.

ఎవరూ వేసుకోని రంగు ఏదని గాజులామెను అడిగాను. నల్లవి పసిబిడ్డలకే అడుగుతారని, పెద్దవాళ్ళు వేయించుకోరని చెప్పింది. పచ్చగాజుల మధ్య ఎడమ చేతికి ఒక్క నల్లగాజు వేయమన్నాను. అంతే, పిల్ల అత్త లేచింది. ఆమెను నేను పెద్దమ్మా అంటాను. మాట కత్తి, మనసు మంచిదే. నల్లగాజు ముత్తయిదువ చేతికా, నీకేమైనా తిక్కా అంది. నేను బీపీ గురించి మొదలుపెట్టాను. ఆమె వినలేదు, కోడలి చెయ్యి పట్టుకుని లేపుతోంది. బస్సు వచ్చే వేళయింది. నాకు కోపమూ వచ్చింది, భయమూ వేసింది. ఈ పిల్లకు కూడా వెలుగోడు పిల్లకు అయినట్టే అవుతుందేమోనని కళ్ళముందు కదిలింది. నోటికి ఏది తోస్తే అది అనేశాను.

"దిష్టికి మంచిది పెద్దమ్మా. తొలిచూలు. ఊరందరి కళ్ళూ పడతాయి."

ఆమె కూర్చుంది. గాజులామె నా ముఖంలోకి ఒక్కసారి చూసి, నల్లగాజు తీసి ఎక్కించింది. మా పద్ధతి పుట్టింది అట్లా, ఒక నిజంతో, ఒక అబద్ధంతో. ఆ రోజు నాకు ఆ రెండోది పెద్ద తప్పుగా అనిపించలేదు.

అక్కడి నుంచి నేను ఊరుకోలేదు. ఆటో స్టాండులో వాళ్ళకు చెప్పాను, కడుపుతో ఉన్నామె ఎడమ చేతికి ఒక్క నల్లగాజు కనబడితే దారిలో ఎవరినీ ఎక్కించుకోకుండా నేరుగా పొమ్మని. వెలుగోడు వైపు పనిచేసే నర్సులకు ఫోన్లు చేశాను. నంద్యాలలో మేం కేసులు పంపే ఆసుపత్రి ఉంది, పేరెందుకులెండి, అక్కడ కాన్పుల వార్డులో ఉండేవాళ్ళకు చెప్పాను. అందరూ నవ్వారు, కానీ మర్చిపోలేదు. కాగితమైతే మర్చిపోయేవాళ్ళే.

ఆ పిల్ల పుట్టింటికి పోయింది, అదీ వెలుగోడు వైపే. నెల తిరగకముందే తలనొప్పి వచ్చింది. అక్కడి నర్సు పిల్ల చేతికున్న గాజు చూసి ఆలస్యం చేయకుండా నంద్యాల పంపింది. నంద్యాలలో వరుసలో నిలబెట్టకుండా లోపలికి తీసుకున్నారు. మగబిడ్డ, తల్లీ బిడ్డా క్షేమం. ఫోన్లో ఆ మాట విని నేను సబ్‌సెంటర్ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. పెద్దమ్మ వేరే విధంగా సంబరపడింది. నర్సమ్మ ఇచ్చిన నల్లగాజు నా కోడలిని కాపాడిందని వీధి వీధీ చెప్పుకుంది. ఆ కోడలు ఒక్క పూట తప్పకుండా మాత్రలు వేసుకుందన్న సంగతి, పుట్టింటికి పోయేదాకా నేను రోజుమార్చి రోజు పోయి వేయించానన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. నేనూ గుర్తుచేయలేదు. పొగడ్త చేదుగా ఉండదు కదా.

ఆ ఏడాదే పక్క పల్లెల నర్సులు నలుగురైదుగురు మొదలుపెట్టారు. అత్తలు ఒప్పుకోవడం లేదు, ఏం చెప్పాలి అని అడిగితే దిష్టికని చెప్పండి, తేలిగ్గా ఒప్పుకుంటారు అన్నాను. గాజుతోపాటు ఆ అబద్ధాన్ని కూడా నేనే పంచిపెట్టాను. అది గాజుకంటే తొందరగా పోయింది.

ఆ అబద్ధం గురించి మొదటిసారి భయం తగిలింది అహోబిలం బస్సులో. నా ముందు సీట్లో నెలలు నిండిన ఒక పిల్ల, ఎడమ చేతికి నల్లగాజు. ఏ ఊరమ్మా, బీపీ ఎంతుంది, మాత్రలు తెచ్చుకున్నావా అని గబగబా అడిగాను. ఆ పిల్ల తెల్లబోయింది. నాకేం బీపీ లేదు, మా అమ్మ దిష్టికి వేయించింది అంది. అప్పటినుంచి ఎక్కడ చూసినా నల్లగాజులే కనిపించేవి. సంతలో, గుడి దగ్గర, రేషన్ కొట్టు దగ్గర. అందులో ఏది నిజమైన గుర్తో ఏది దిష్టిదో నాకే తెలియడం లేదు. ఇంక ఆటో అతనికేం తెలుస్తుంది?

గాజులామె ఒకరోజు నన్ను ఆపి మెల్లగా అంది, "అడిగినోళ్ళకంతా ఇస్తాండానమ్మా. ఇయ్యనంటే పక్కంగట్లో కొంటారు. ఇది నువ్వు పెట్టింది కాదు ఇంక. వాళ్ళకు చెప్పు." చెబుతాను అక్కా అన్నాను. ఎవరికి చెప్పాలి? ఎవరికి చెప్పినా నేను అబద్ధమాడాననే మొదలుపెట్టాలి. ఆ మాట మొదలుపెట్టాల్సి వస్తుందన్న భయానికి నోరు మూసుకున్నాను. అందరూ మెచ్చుకుంటున్న పని గురించి అది దారి తప్పిందని చెప్పడం ఎంత కష్టమో, అంతకుముందు నాకు అనుభవం లేదు. అప్పటిదాకా నన్ను ఎవరూ మెచ్చుకున్నది లేదు కాబట్టి.

ఇంతలో మా డాక్టరు గారు ఈ సంగతి నంద్యాలలో పైవాళ్ళకు చెప్పారు. ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పారు. పైవాళ్ళకు బాగా నచ్చింది, ఖర్చు లేని పని, ఫొటోకు కూడా బాగుంటుంది. జిల్లా అంతా పెడదాం, వచ్చి అందరి ముందు చెప్పమని నాకు కబురొచ్చింది. కబురొచ్చిన రోజు నాకు జ్వరం తగిలినట్టయింది. సంతోషమా, భయమా అంటే చెప్పలేను. చార్టు కొన్నాను, స్కెచ్ పెన్నులు కొన్నాను, గాజు బొమ్మ వేశాను, చెరిపాను, మళ్ళీ వేశాను. రెండు వారాలు ఇంటికి రాగానే అదే పని.

ఆ రెండు వారాలు నేను పెద్దమ్మ ఇంటికి పోలేదు. ఆమె చిన్న కోడలు ఎనిమిదో నెలలో ఉంది. ఈ పిల్లకు కూడా బీపీ ఎక్కువుంటే నల్లగాజు వేయించి మాత్రలు ఇచ్చి ఉన్నాను. ఈసారి పెద్దమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు, తనే కోడలి చెయ్యి పట్టుకుని గాజులామె ముందు పెట్టింది. ఊళ్ళోనే ఉండే ఆశా వర్కరు అమ్మాయిని ఆ ఇంటికి పోయి చూడమన్నాను. పోయింది. గాజుందా అని అడిగింది, ఉంది అన్నారు, వచ్చేసింది. ఆ అమ్మాయిని తిట్టి లాభం లేదు, ఆమెకు ఆ ప్రశ్న నేర్పింది నేనే.

మీటింగు రోజు పొద్దున్నే బస్సెక్కి నంద్యాలలో దిగాను. ఒళ్ళో చార్టు చుట్ట, మడత పడకుండా దారంతా దాన్నే పట్టుకుని కూర్చున్నాను. పెద్ద హాలు, నిండా జనం. నా ముందు ఇద్దరు మాట్లాడాలి. రెండో ఆయన మాట్లాడుతుంటే ఫోన్ వణికింది. ఆశా అమ్మాయి. పక్కకు వంగి, కొంగు అడ్డం పెట్టుకుని ఎత్తాను.

పెద్దమ్మ చిన్న కోడలికి పొద్దున లేచినప్పటి నుంచి తలనొప్పి. ముందరి మనిషి సరిగా కనబడటం లేదంటోంది. ఇంట్లోవాళ్ళు ఆటో మాట్లాడుకుని నంద్యాల తీసుకొస్తున్నారు, ఈపాటికి దగ్గరికొచ్చి ఉంటారు. మాత్రలు వేసుకుంటోందా అని అడిగాను.

"పెద్దమ్మ మానిపిచ్చిందంటక్కా. మాత్రలు వేడి చేస్తాండాయని. గాజుందిలే అనిందంట."

లేచి పోవాలి అనుకున్నాను. సరిగ్గా అప్పుడు మైకులో నన్ను పిలిచారు. అందరూ నా వైపు తిరిగారు. ఆ రోజు నేను చేసిన పని ఎవరికీ ఇంతవరకు చెప్పలేదు, మా ఆయనకు కూడా. నేను వేదిక ఎక్కాను. చార్టు తగిలించాను. గాజు బొమ్మ చూపించి, ఇది పిల్లతోపాటే పోతుంది, ఎవరు చూసినా వెంటనే తెలుస్తుంది అని చెప్పాను. దిష్టి మాట ఎత్తలేదు. బస్సులో చూసిన పిల్ల మాట ఎత్తలేదు. మాటలు తడబడుతుంటే కొత్త కాబట్టి అనుకుని ముందు వరుసలోవాళ్ళు ధైర్యం చెబుతున్నట్టు తలలాడించారు. మాట్లాడుతున్నంతసేపూ నా మనసులో ఒకటే మాట. చేతికి గాజుంది, చూడగానే లోపలికి తీసుకుపోతారు, ఏం కాదు. పెద్దమ్మ ఏమనుకుందో నేనూ అదే అనుకున్నాను.

చప్పట్లు కొడుతుంటే దిగి, చెప్పులు ఎక్కడ విడిచానో చూసుకోకుండా బయటికొచ్చి ఆటో ఎక్కాను. ఆసుపత్రిలో నేరుగా కాన్పుల వార్డుకు పరుగెత్తాను. అక్కడ లేదు. కిందికి దిగి వెతికితే, ఓపీ దగ్గర బెంచీ మీద వరుసలో కూర్చుని ఉంది. ముఖం ఉబ్బి, కళ్ళు చిట్లించుకుని గోడ వైపు చూస్తోంది. పక్కన పెద్దమ్మ చీటీ పట్టుకుని ఉంది. నన్ను చూడగానే ఆమె ముఖం వెలిగింది. వచ్చి చాలాసేపయిందంట. ఈడ కూర్చోమన్నారు నర్సమ్మా, కూర్చున్నాం అంది.

చీటీలు రాస్తున్న నర్సు దగ్గరికి పోయి, గాజు చూళ్ళేదా, ఆ పిల్ల చేతికి నల్లగాజుంది, చూళ్ళేదా అని గట్టిగా అడిగాను. ఆమె తల ఎత్తి, నన్ను గాక బెంచీల వైపు చూపించింది. "ఎవురి చేతికి లేదు చెప్పు మేడం?"

తిరిగి చూశాను. నిజమే. ఆ వరుసలో కూర్చున్నవాళ్ళలో సగానికి సగం మంది ఎడమ చేతులకు ఒక్కొక్క నల్లగాజు. ఫ్యాను గాలికి కొంగులు సర్దుకుంటూ, కబుర్లాడుకుంటూ. వాళ్ళ మధ్య మా పిల్ల. ఎవరూ ఆమెను ప్రత్యేకంగా చూడనక్కర్లేదు, చూడకుండా నేనే ఏర్పాటు చేశాను. ఆ నర్సును తిట్టడానికి పోయినదాన్ని చేతులెత్తి దణ్ణం పెట్టాను, బీపీ చూడమ్మా ముందు అని.

ఆమె మిషన్ అందుకునేలోపే వెనకనుంచి పెద్దమ్మ కేక వినబడింది. పిల్ల బెంచీ మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. దవడలు బిగుసుకున్నాయి, చేతులు కొట్టుకుంటున్నాయి. గాజులు బెంచీ ఇనుప చట్రానికి తగిలి గలగలమంటున్నాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ ఎక్కడ గాజులు గలగలమన్నా వినబడుతుంది. గాజులంగడిలో కూర్చోలేను. పిల్లను ఎడమవైపు తిప్పి, కిందపడకుండా నా ఒళ్ళోకి లాక్కుని పట్టుకున్నాను. నర్సు పరుగెత్తింది, స్ట్రెచర్ వచ్చింది, తలుపులు మూసుకున్నాయి. నా చీర మీద ఆ పిల్ల నోటి నురగ, కాస్త రక్తం. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అడుగుతోంది, గాజుండాది కదా నర్సమ్మా, ఏం కాదు కదా అని.

ఫిట్స్ ఆగడానికి సూది వేశారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, రెండు అరచేతుల్లో ఇమిడిపోయేటంత. బిడ్డను వెచ్చగా ఉండే అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లికి రెండు రోజులు పూర్తి స్పృహ లేదు. ఆ రెండు రోజులు నేను ఆ వరండాలోంచి కదల్లేదు. లోపలినుంచి ఎవరు బయటికొచ్చినా లేచి ఎదురుపోయేదాన్ని. మీటింగులో అందరి ముందు చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. ఈ పిల్ల పోతే నేను ఆళ్ళగడ్డలో ఏ ముఖం పెట్టుకుని తిరగాలి అనిపించేది. తర్వాత, చచ్చేది ఆ పిల్లయితే నా ముఖం గురించి ఆలోచిస్తున్నానే అని నామీద నాకే అసహ్యం వేసేది.

ఆపరేషన్‌కు ముందు చేతులు ఉబ్బి గాజులు రాకపోతే గుడ్డ చుట్టి పగలగొట్టారట. ఆ ముక్కలు పొట్లం కట్టి పెద్దమ్మకిచ్చారు. ఆమె పచ్చ ముక్కలన్నీ ఏరి పారేసి, నల్ల ముక్కలు మాత్రం కొంగున ముడి వేసుకుంది. మూడో రోజు పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. పెద్దమ్మ ఆ ముడిని కళ్ళకద్దుకుంది. అప్పుడు కూడా నేను ఏమీ చెప్పలేదు.

నెల తిరగకముందే పైనుంచి మా సెంటరుకు ఒక అట్టపెట్టె వచ్చింది. తెరిస్తే నిండా నల్లగాజులు, ప్లాస్టిక్‌వి. పగలవు కాబట్టి మేలని అనుకుని ఉంటారు. దానితోపాటు ఒక ఫారం, ఎంతమందికి గాజులిచ్చారో రాసి పంపమని. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగే గడి అందులో లేదు. బీపీ ఎంత అనే గడి కూడా లేదు. ఆ పెట్టెను చూస్తే నాకు పాముల బుట్టను చూసినట్టయింది. బల్ల కిందికి తోసి, పైన గోనెపట్ట కప్పాను. ఇట్లాంటి పెట్టెలు ఎన్ని సెంటర్లకు పోయి ఉంటాయో, ఎన్ని బెంచీల మీద ఎంతమంది కూర్చుని ఉంటారో అని ఆ రోజంతా నాకు అన్నం దిగలేదు.

మర్నాడు డాక్టరు గారి దగ్గరికి పోయి, వేదిక ఎక్కేముందు వచ్చిన ఫోన్ సంగతొక్కటి తప్ప, అంతా చెప్పాను. దిష్టి మాటతో సహా. ఆయన కోప్పడలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పైకి రాస్తానన్నారు, రాశారు కూడా. కానీ ఆర్డరు ఒకసారి బయల్దేరాక దాన్ని వెనక్కి పిలవడం అంత తేలిక కాదని ఆయనే చెప్పారు. ముందు నీ పల్లెల్లో నువ్వు సరిదిద్దుకోమన్నారు. ఇంతకంటే పెద్ద శిక్ష వేసినా బాగుండేది.

సరిదిద్దడం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుసు. ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన తల్లినీ బిడ్డనూ చూసే వంకతో పెద్దమ్మ ఇంటికి పోయాను. గడప దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తిరిగి పోదామనిపించింది. బిడ్డ కాస్త ఒళ్ళు చేసింది. తల్లి మంచం మీద కూర్చుని పాలిస్తోంది, ఇంకా చూపు పూర్తిగా తేటపడలేదంది. ఆ ఇంట్లో అప్పటికే పక్కింటి కోడలు ఒకతె వచ్చి కూర్చుని ఉంది, అయిదో నెల. పెద్దమ్మ నన్ను చూడగానే కొంగు ముడి విప్పి ఆ నల్ల ముక్కలు ఆ పిల్లకు చూపించింది. ఇది లేకపోతే నా కోడలు యాడుండేదో అంది. ఈ పిల్లకు కూడా ఒకటి తెప్పించు నర్సమ్మా అంది.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమోనని.

"అది దిష్టికి కాదు పెద్దమ్మా. అంగట్లో నీకు అబద్ధం చెప్పినాను. బీపీ ఉండేవాళ్ళకు అది గుర్తు, అంతే. అది ఎవరినీ కాపాడదు. నీ పెద్ద కోడల్ని మాత్రలు కాపాడినాయి."

ఆమె అరచేతిలో ముక్కల వైపు చూసింది, తర్వాత మంచం మీద కోడలి వైపు. అరుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. అరిచి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆమె మామూలు గొంతుతో, ఊరికే లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది.

"ఆ పొద్దే ఈ మాట చెప్పింటే, నేను మాత్ర మానిపిచ్చింటానా?"

ఆమెకు అర్థం కాదని నేనే అనుకున్నాను. ఒక్కసారి కూడా పూర్తిగా చెప్పి చూడలేదు. బస్సు వేళయిందని, ఆమె మాట కత్తి అని, భయం వేసిందని, ఇవన్నీ నిజమే. కానీ నాలుగు నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే, ఊరంతా గాజు గురించి చెప్పిన ఆ నోరే మాత్ర గురించి చెప్పేది. క్షమించు పెద్దమ్మా అన్నాను. ఆమె సరేననలేదు. ఇప్పటికీ అనలేదు.

ముక్కలు తీసుకుపోయి బయట పారేసి, చేతులు కడుక్కుని వచ్చింది. పక్కింటి పిల్ల లేచి పోబోతుంటే భుజం పట్టి కూర్చోబెట్టింది. ముందు మిషన్ పెట్టించుకో, గాజు సంగతి తర్వాత అంది. తలనొప్పి వస్తాందా, కళ్ళు మసకలా, కాళ్ళు ఉబ్బుతాండాయా అని నేను అడగాల్సిన ప్రశ్నలు తనే అడిగింది. కోడలి పక్కన రెండు రోజులు కూర్చుని నేర్చుకున్నవి.

నేను పట్టీ చుట్టి గాలి కొట్టాను. ముల్లు మెల్లగా దిగుతోంది. నా చెవుల్లో ఆ పిల్ల నాడి కంటే నాదే గట్టిగా వినబడుతోంది. పెద్దమ్మ నా పక్కనే గొంతుక్కూర్చుని, పిల్ల ముఖం చూడకుండా నా ముఖమే చూస్తోంది.

"ఎంతుండాది నర్సమ్మా? ఉండేది చెప్పు."

ఎక్కువగానే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.